వేలు పెట్టే ముందు

నల్లని సిరా డబ్బీ గుర్తుందా అక్కా? బ్యాంకులో బల్ల మీద ఉండేది. షావుకారు కొట్లో ఉండేది. రిజిస్ట్రారు ఆఫీసులో ఉండేది. చదువు రానివాళ్ళ చెయ్యి పట్టుకొని, బొటనవేలు ఆ సిరాలో అద్ది, కాగితం మీద ఒత్తించేవారు. ఆ కాగితంలో ఏం రాశారో వేలు పెట్టిన మనిషికి తెలియదు. వెయ్యి అప్పు తీసుకుంటే రెండు వేలని రాసినా తెలియదు. వేలికి అంటిన సిరా తలకు తుడుచుకొని ఇంటికి వచ్చేవాళ్ళు.

అందుకే రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు ముందుగా అడిగింది సంతకం నేర్పమని. 1990లో నెల్లూరు జిల్లాలో అక్షర ఉద్యమం మొదలైంది. ఊరూరా ఆడవాళ్ళు పలకలు పట్టారు. చదువుతోపాటు మాట్లాడడం కూడా నేర్చుకున్నారు. 1992లో సారా కొట్టు వద్దని లేచారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు మిగిలింది. రోజుకు రూపాయి చొప్పున పొదుపు మొదలైంది. పాసుబుక్కు వచ్చింది. అందులో సంతకం ఎవరిది వాళ్ళదే.

ఇప్పుడు చూడండి. పోయిందనుకున్న వేలిముద్ర మళ్ళీ వచ్చింది. రేషను షాపులో వేలు పెట్టమంటారు. పింఛనుకు వేలు పెట్టమంటారు. బ్యాంకు డబ్బు ఊళ్ళోనే తీసుకోవాలంటే వేలు. బి.ఏ. చదివినవాళ్ళూ వేలే పెడుతున్నారు. కాబట్టి ఇందులో సిగ్గుపడే పని లేదు. కానీ పాత భయం ఒకటి దీనితోపాటు తిరిగి వచ్చింది. దాని గురించే ఈ పాఠం.

ఈ మిషను ఎలా పని చేస్తుంది? మీరు ఆధార్ కార్డు తీసుకున్న రోజు గుర్తు చేసుకోండి. పది వేళ్ళ ముద్రలు తీశారు. రెండు కళ్ళకు ఫోటో తీశారు. తర్వాత 12 అంకెల నంబరు ఇచ్చారు. మన దేశంలో మొదటి ఆధార్ నంబర్లు ఇచ్చింది 2010 సెప్టెంబరు 29న, మహారాష్ట్రలోని తెంభ్లీ అనే చిన్న ఊళ్ళో. అప్పటినుంచి అందరి వేలిముద్రలూ ఎక్కడో దూరాన ఉన్న పెద్ద కంప్యూటర్లలో దాచి ఉంచారు.

రేషను షాపులో మీరు వేలు పెట్టగానే ఆ ముద్ర గాలిలోనే సెల్ టవరు దాకా పోతుంది. అక్కడినుంచి నేల కింద పాతిన సన్నని గాజు తీగల్లో పరుగెడుతుంది. పెద్ద కంప్యూటరును చేరుతుంది. అది పాత ముద్రతో పోల్చి చూస్తుంది. "అవును, ఈమే" అనో, "కాదు" అనో జవాబు పంపుతుంది. ఇదంతా కొన్ని క్షణాల్లో అయిపోతుంది. ఇలా కంప్యూటర్లనూ ఫోన్లనూ ఒకదానితో ఒకటి కలిపిన పెద్ద వలనే ఇంటర్నెట్టు అంటాం.

ఒక్క మాట గమనించండి. కంప్యూటరుకు తెలిసింది ఆ వేలు మీదని మాత్రమే. ఆ వేలు ఎందుకు పెట్టారో మీకు తెలుసా లేదా అన్నది దానికి తెలియదు. అది మీరే చూసుకోవాలి.

కొందరికి వేలే పడదు. నాట్లు వేసి, బీడీలు చుట్టి, సున్నం కలిపి, అంట్లు తోమి వేలి గీతలు అరిగిపోతాయి. ముసలివాళ్ళకు మరీ కష్టం. "వేలు పడలేదు, రేపు రా" అంటారు. రేపు వస్తే మళ్ళీ అదే మాట. ఒక రోజు కూలి పోతుంది. పని చేసి చేసి అరిగిన వేలు మన తప్పెట్లా అవుతుంది? ముందు చెయ్యి కడుక్కొని తుడుచుకోండి. ఇంకో వేలు పెట్టి చూడండి. అప్పటికీ పడకపోతే వేరే దారి ఏముందని గట్టిగా అడగండి. కన్ను చూసే మిషను కొన్నిచోట్ల ఉంటుంది. కొన్నిచోట్ల ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఓటీపీ అంటే ఒక్కసారికే పనికివచ్చే అంకెలు. ఆధార్ కేంద్రానికి పోతే వేలిముద్రలు మళ్ళీ కొత్తగా తీస్తారు.

ఇక డబ్బు సంగతి. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

ఊళ్ళో వేలిముద్రతో డబ్బిచ్చే మిషను ఉంటుంది. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు చెప్తే, ఆ మిషను పెట్టినతను ఎంత కావాలో కొడతాడు. మీరు వేలు పెడతారు. అతను చేతికి డబ్బిస్తాడు. బస్సు ఛార్జీ పెట్టుకొని బ్యాంకుకు పోనక్కరలేదు. ఇది మంచి సౌకర్యమే. చాలామంది నిజాయితీగానే ఇస్తారు. మోసం చేసేవాడు మాత్రం ఇలా అంటాడు: "పడలేదమ్మా, ఇంకోసారి పెట్టు." మొదటిసారే పడి ఉంటుంది. రెండోసారికి ఇంకో వెయ్యి పోతుంది. లేదా డబ్బంతా తీసి, "నీ కూలి డబ్బు ఇంకా పడలేదు" అని పంపేస్తాడు.

అందుకని వేలు పెట్టే ముందు మిషను మీ వైపు తిప్పమనండి. అంకె చదవండి. సున్నాలు లెక్కపెట్టండి. 1,000కి మూడు సున్నాలు. 10,000కి నాలుగు. పడలేదు అంటే, పడలేదని వచ్చిన చీటీ చూపించమనండి. పని అయ్యాక రసీదు తీసుకోండి. ఖాతాలో ఎంత మిగిలిందో అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. ఆ డబ్బు మీరు ఎండలో నిలబడి సంపాదించింది.

ఆధార్ వేలిముద్రకు తాళం కూడా వెయ్యొచ్చు. ఆధార్ వారి యాప్‌లో ఈ ఏర్పాటు ఉంది. ఇంట్లో చదువుకున్న పిల్లల చేత వేయించుకోవచ్చు. తాళం వేసి ఉంటే ఎవరికీ ఆ వేలు పనికిరాదు. రేషనుకు, డబ్బుకు పోయేటప్పుడు తియ్యాలి. అది మరిచిపోతే మన వేలు మనకే పడదు!

డబ్బు తియ్యగానే బ్యాంకు నుంచి మెసేజి వస్తుంది. ఎవరి ఫోనుకు వస్తుంది? బ్యాంకులో రాయించిన నంబరుకు. ఆ నంబరు ఎవరిది? భర్తదా? కొడుకుదా? ఎప్పుడో ఫారం నింపిపెట్టిన పక్కింటి అబ్బాయిదా? 2019-21లో దేశమంతటా జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక సంగతి తేలింది. 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళు వందమందిలో సుమారు 54 మందికే సొంతంగా వాడుకునే ఫోను ఉంది. మిగిలినవాళ్ళ డబ్బు కబురు ముందుగా ఇంకొకరికి తెలుస్తుంది. ఫోను ఇస్తే ఆడది చెడిపోతుందనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. చదువు గురించి కూడా ఇదే మాట అనలేదూ?

2016లో యూపీఐ వచ్చింది. అంటే ఫోనుతోనే ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు డబ్బు పంపడం. ఇప్పుడు పూలమ్మే అవ్వ బుట్ట మీద కూడా గళ్ళ బొమ్మ అంటించి ఉంటోంది. చిల్లర గొడవ తగ్గింది. పట్నంలో ఉన్న కొడుకు పొద్దున పంపితే పొద్దునే అందుతోంది. డబ్బు ఫోనులో ఉండదు, బ్యాంకులోనే ఉంటుంది. ఫోను తాళంచెవి లాంటిది. పిన్ను అంకెలు ఆ తాళంచెవిని తిప్పే చెయ్యి. ఎవరైనా మీకు డబ్బు పంపుతుంటే మీరు పిన్ను కొట్టే పని లేదు. "నీకు ఐదు వేలు వస్తాయి, పిన్ను కొట్టు" అన్నాడంటే వాడు దొంగే. మీ డబ్బే పోతుంది.

పోలీసు బట్టలు వేసుకొని వీడియోలో కనపడేవాళ్ళు కూడా బయల్దేరారు. "నీ ఆధార్ మీద కేసు ఉంది. ఫోను పెట్టేశావో అరెస్టు. ఎవరికీ చెప్పకు" అని గంటల తరబడి బెదిరిస్తారు. 2024లో ఈ మోసం గురించి ప్రధానమంత్రే రేడియోలో హెచ్చరించవలసి వచ్చింది. ఫోనులో అరెస్టు చేసే చట్టం మన దేశంలో లేదు. ఎవరికీ చెప్పొద్దన్న మాట వినగానే ఫోను కట్ చేసి పక్కింటికి వెళ్ళి చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930 నంబరుకు ఫోను చెయ్యండి. ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బును మధ్యలో ఆపే వీలు అంత ఎక్కువ. బ్యాంకుకు కూడా చెప్పాలి.

ఒక చిక్కు ఉంది. బ్యాంకు మెసేజిలు ఎక్కువగా ఇంగ్లీషులో వస్తాయి. తెలుగు నేర్చుకున్న మనకు ఇంగ్లీషు కబురు పంపడం ఏం న్యాయం? ఈ మాట సంఘం తరఫున బ్యాంకు మేనేజరును అడగాలి. ఈలోగా రెండు ఇంగ్లీషు మాటలు గుర్తుపట్టడం నేర్చుకుందాం. డెబిట్ అంటే పోయింది. క్రెడిట్ అంటే వచ్చింది. ఇంగ్లీషులో మొదటిది డి అక్షరంతో, రెండోది సి అక్షరంతో మొదలవుతుంది. పిల్లల చేత ఈ రెండు మాటలు పెద్దగా రాయించుకొని గోడకు అంటించండి. అంకెలు మీకు వచ్చినవే.

చదివి చూడండి

ఒక అక్క మిషను దగ్గరకు వెళ్ళింది. ఆమె ఖాతాలో 5,450 రూపాయలున్నాయి. 2,000 కావాలంది. రెండుసార్లు వేలు పెట్టింది. ఇంటికి వచ్చాక ఫోను చూసుకుంది. రెండు మెసేజిలు ఉన్నాయి.

ఉదయం 10 గంటల 12 నిమిషాలు. డెబిట్ రూ. 2,000. నిల్వ రూ. 3,450.

ఉదయం 10 గంటల 14 నిమిషాలు. డెబిట్ రూ. 2,000. నిల్వ రూ. 1,450.

ఆమె చేతికి వచ్చింది రెండు వేలే. ఖాతాలోంచి ఎంత పోయింది? ఎంత తక్కువ వచ్చింది? రసీదు తీసుకొని ఉంటే ఇప్పుడు ఎలా పనికివచ్చేది? ఆమె ముందుగా ఎక్కడికి పోవాలి, ఏమని అడగాలి? రేపు సంఘం మీటింగులో మాట్లాడుకోండి. మీ ఫోన్లు కూడా తీసుకురండి.