యంత్ర నిదానం

గోదావరీ తీరపు బొగ్గు నేలలు వేసవి తీవ్రతకు పెట్టింది పేరు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న నానుడి రామగుండం, గోదావరిఖని, మందమర్రి, రామకృష్ణాపూర్ వాసులకు అనుభవైకవేద్యం. 1889లో ఇల్లందు ప్రాంతంలో ఆరంభమైన బొగ్గు తవ్వకం కాలక్రమాన ఉత్తరానికి విస్తరించింది. ఆ విస్తరణ ఫలితంగా పెరిగిన ఊళ్ళలో మంచిర్యాల జిల్లాలోని రామకృష్ణాపూర్ ఒకటి.

రాత్రి షిఫ్టు ముగించుకొని బాయి నుండి ఇల్లు చేరిన కార్మికుడు పగటివేళ నిద్రించక తప్పదు. ఆ నిద్ర విలాసం కాదు, ఆత్మరక్షణ. నిద్ర చాలని కన్ను, అలసిన చేయి గనిలో ప్రమాదానికి ద్వారాలు తెరుస్తాయి. ఒకనాడు వట్టివేళ్ళ తడకలు, ఆపై కూలర్లు ఆ నిద్రను కాపాడాయి. నేడు ఆ స్థానాన్ని అనేక ఇళ్ళలో ఏసీ యంత్రం ఆక్రమించింది. వీటిలో సెల్‌ఫోన్ ద్వారా ఆజ్ఞలు స్వీకరించే 'స్మార్ట్' రకాలూ ఉన్నాయి. ఇట్టి యంత్రం మండుటెండలో మొరాయిస్తే ఏమి చేయాలి?

ఏసీకి గుండె కంప్రెసర్ అయితే, దాని వివేకం థర్మోస్టాట్. గ్రీకు భాషలో 'థెర్మోస్' అంటే వేడి, 'స్టాటోస్' అంటే నిలిచి ఉండేది. ఉష్ణోగ్రతను నిర్ణీత స్థాయిలో నిలిపి ఉంచే సాధనమే థర్మోస్టాట్. 1830లో ఆండ్రూ యూర్ అనే స్కాట్లాండ్ శాస్త్రవేత్త రెండు లోహాలను జోడించి ఇట్టి సాధనానికి పేటెంటు పొందాడు. వేడికి ఒక లోహం ఎక్కువగా, మరొకటి తక్కువగా వ్యాకోచిస్తాయి. అందుచేత జోడించిన పట్టీ వంగుతుంది. మన ఇస్త్రీ పెట్టెలో నేటికీ పనిచేస్తున్నది ఈ సూత్రమే. అమెరికాలో వారెన్ జాన్సన్ అనే అధ్యాపకుడు 1883లో గదులకు ఉపకరించే విద్యుత్ థర్మోస్టాట్‌కు పేటెంటు పొందాడు. నేటి ఏసీలలో లోహపు పట్టీకి బదులు థర్మిస్టర్ అనే చిన్న పూస ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. ఆ మార్పును లెక్కించి యంత్రం గది ఉష్ణోగ్రతను గ్రహిస్తుంది. కోరిన స్థాయి రాగానే కంప్రెసర్‌ను ఆపుతుంది, లేదా దాని వేగాన్ని తగ్గిస్తుంది.

గది చల్లబడనప్పుడు చాలామంది వెంటనే రిమోట్ తీసుకొని ఉష్ణోగ్రతను 16 డిగ్రీలకు దించుతారు. ఇది నిష్ప్రయోజనం. 24 అన్నా 16 అన్నా అది యంత్రం చేరవలసిన గమ్యమే గాని, వేగాన్ని పెంచే కొరడా కాదు. మరికొందరు నేరుగా మెకానిక్‌ను పిలిచి, అతడు చెప్పిన భాగాన్నల్లా మార్పిస్తారు. ఈ రెండు పద్ధతులలోనూ లోపించినది నిదానం. ఆయుర్వేదంలో నిదానమంటే రోగకారణాన్ని నిర్ణయించడం. చికిత్స దాని తరువాతి మెట్టు. వ్యవహారంలో 'నిదానం' అంటే తొందరపాటు లేకపోవడం. యంత్రానికి ఈ రెండర్థాలూ అవసరమే.

కారణాన్ని తేల్చడానికి మన తార్కికులు అన్వయ వ్యతిరేకాలనే మార్గాన్ని చూపారు. ఒకటి ఉన్నప్పుడు మరొకటి ఉండడం అన్వయం. అది లేనప్పుడు ఇదీ లేకపోవడం వ్యతిరేకం. ఒక ఉదాహరణను పరిశీలిద్దాం. ఏసీ 24 డిగ్రీలు చూపి కంప్రెసర్‌ను ఆపుతున్నది. గదిలో వేలాడదీసిన ఉష్ణమాపకం మాత్రం 30 చూపుతున్నది. దోషమెక్కడ?

మొదట ఆజ్ఞలను పరీక్షించాలి. ఒకే ఇంట రెండు సెల్‌ఫోన్లు ఒకే యంత్రానికి వేర్వేరు సమయపట్టికలు నిర్దేశించి ఉండవచ్చు. స్లీప్ విధానం రాత్రివేళ ఉష్ణోగ్రతను క్రమంగా పెంచుతుంది. ఆ సమయపట్టికలను, స్లీప్ విధానాన్ని రద్దుచేసి, వైఫైని ఆపి, రిమోట్‌తోనే నడిపి చూడాలి. దోషం తొలగితే కారణం ఆజ్ఞలలో ఉన్నదని, తొలగకపోతే మరొకచోట వెదకాలని తేలుతుంది.

తరువాత గ్రహించే అవయవాన్ని పరీక్షించాలి. కొన్ని ఏసీలలో రిమోట్ ఉన్నచోటి ఉష్ణోగ్రతను ప్రమాణంగా తీసుకొనే సౌకర్యం ఉంటుంది. ఆ రిమోట్ చల్లగాలి నేరుగా తగిలేచోట ఉంటే గది చల్లబడిందని యంత్రం భ్రమిస్తుంది. కిటికీ ఎండలో ఉంటే ఎడతెరిపి లేకుండా నడుస్తుంది. ఆ సౌకర్యాన్ని ఆపి చూస్తే నిజం తెలుస్తుంది. థర్మిస్టర్ తన స్థానం నుండి జారి శీతల గొట్టాలను తాకినా ఇట్టి భ్రమే కలుగుతుంది.

మూడవది గాలి ప్రసరణ. ఓపెన్‌కాస్ట్ గనుల పరిసరాలలో దుమ్ము ఫిల్టర్‌ను త్వరగా కప్పివేస్తుంది. గాలి ఆడక గొట్టాలపై మంచు పేరుకొంటుంది. చల్లదనం యంత్రంలోనే చిక్కుకొని గదికి అందదు. ఫిల్టర్‌ను కడిగి ఆరబెట్టి అమర్చడం ఇంటివారే చేయదగిన పని. నాల్గవది విద్యుత్తు. వోల్టేజి తగ్గితే కంప్రెసర్ ఆగిపోవచ్చు. ఒకసారి ఆగిన పిదప, తిరిగి ఆరంభం కావడానికి సుమారు మూడు నిమిషాల వ్యవధి సహజం. దానిని దోషమని భావించరాదు.

ఈ పరీక్షలలో ఒకసారి ఒక్క మార్పే చేయాలి. నాలుగు మార్పులు ఒక్కమారు చేస్తే యంత్రం బాగుపడవచ్చు గాని, కారణం తెలియదు. మరునాడు అదే దోషం తిరిగి వస్తుంది. ఇంటివారి పరీక్షకు ఒక హద్దు కూడా ఉన్నది. స్విచ్ ఆపిన తరువాత సైతం కెపాసిటర్‌లో విద్యుత్తు నిలిచి ఉంటుంది. యంత్రపు మూత తెరవడం, థర్మిస్టర్ నిరోధాన్ని కొలవడం, గ్యాస్ పరీక్షించడం నిపుణుని పనులు.

ఈ క్రమశిక్షణ గని కార్మికునికి కొత్తది కాదు. గనిలో పైకప్పును ఇనుపకడ్డీతో తట్టి, ధ్వనిని విని, గట్టిదో బోలుదో నిర్ణయించిన పిదపనే అతడు ముందుకు కదులుతాడు. కంటికి కనిపించిన దానిని మాత్రమే నమ్మడు. శీతల దేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇదే పద్ధతి శరణ్యం. అక్కడ గోడపై ఉన్న థర్మోస్టాట్ బ్యాటరీ నీరసించి తాపనయంత్రం ఆగితే, మంచురాత్రి నీటిగొట్టాలు గడ్డకట్టి పగిలే ప్రమాదం ఉన్నది.

భారతదేశంలో 2020 జనవరి 1 నుండి గది ఏసీలకు 24 డిగ్రీలు ఆరంభ ఉష్ణోగ్రతగా నిర్ణయించారు. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని అంచనా. మంచిర్యాల జిల్లా జైపూర్‌లోని 1200 మెగావాట్ల సింగరేణి విద్యుత్ కేంద్రం బొగ్గుతోనే నడుస్తుంది. దారి తప్పిన థర్మోస్టాట్ వృథా చేసే విద్యుత్తు వెనుక భూగర్భంలో చిందిన చెమట ఉన్నది. దోషమూలాన్ని ఓర్పుతో కనుగొనడం నిద్రను కాపాడడమే కాదు, ఆ శ్రమను గౌరవించడం కూడా.

ప్రశ్నలు

1. కార్మికుని పగటి నిద్రను 'ఆత్మరక్షణ' అనడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. 'నిదానం' అనే పదానికి గల రెండర్థాలను పాఠ్యాంశానికి అన్వయించండి.
3. అన్వయ వ్యతిరేకాల ఆధారంగా మీ ఇంటి వస్తువులో ఏర్పడిన ఒక లోపానికి కారణాన్ని నిరూపించండి.