బిల్లు అడగనివాళ్ల లెక్క

జంగ్లీఘాట్, శ్రీ విజయపురం

చి. బుజ్జికి,

పెదనాన్న ఆశీర్వదించి రాయునది.  

వినియోగదారుల రక్షణ మీద పరిశోధనకు సీటొచ్చిందనీ, అందుకు అండమాన్‌నే ఎంచుకున్నావనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. నువ్వు పంపిన ప్రశ్నల కాగితాలు పెదనాన్న రెండుసార్లు చదివాడు. బాగున్నాయి. కానీ ప్రతి ప్రశ్నా "మీరు ఫిర్యాదు చేసినప్పుడు" అనే మొదలవుతోంది. ఫిర్యాదు చెయ్యని మనిషిని అడగడానికి ఒక్క ప్రశ్న లేదు. ఈ దీవుల్లో ఎక్కువమంది అలాంటివాళ్లే తల్లీ.

జెట్టీ దగ్గర కిరాణా కొట్టు సంగతే చూడు. సాయంత్రం ఆరున్నర. వేటకెళ్లిన బోట్లు వచ్చేశాయి, ఐసు పెట్టెలు దింపుతున్నారు. ఒకావిడ నూనె ప్యాకెట్టు, రెండు సబ్బుబిళ్లలు తీసుకుంది. ప్యాకెట్టు అంచున అచ్చయిన ధరను బొటనవేలితో తుడిచి చూసింది. కొట్టాయన అంతకంటే ఎనిమిది రూపాయలు ఎక్కువ చెప్పాడు. "ఓడ ఖర్చమ్మా" అన్నాడు. ఆవిడ కొంగుముడి విప్పి ఇచ్చేసింది. బిల్లు ఆవిడ అడగలేదు, ఆయన ఇవ్వలేదు.

ప్యాకెట్ల మీద ధర, తూకం, తయారీ తేదీ ఉండాలన్న 2011 నాటి నిబంధనల ప్రకారం అచ్చయిన గరిష్ఠ ధర అన్ని పన్నులూ కలిపిన ధర. ఏ దుకాణదారుడూ దానికి మించి తీసుకోకూడదు. 2018 జనవరి 1 నుంచి ఒకే సరుకుకు చోటుకో గరిష్ఠ ధర అచ్చువేసే పద్ధతీ కుదరదు. సముద్రం దాటే ఖర్చేదో కంపెనీ ఆ ధరలోనే సర్దుకోవాలి. కంపెనీ సర్దుకోదు, హోల్‌సేల్ వాడు సర్దుకోడు, చివరికి ఆ బరువు కొట్టాయన నెత్తిన పడుతుంది, అక్కణ్ణుంచి ఆవిడ కొంగుముడి మీదికి జారుతుంది. కొట్టాయన చేస్తున్నది తప్పే. అయినా ఆయన్ని దొంగ అనడానికి పెదనాన్నకు నోరు రాదు. చెన్నై నుంచి ఓడ ఆలస్యమైతే ఉల్లిపాయలు బస్తాలోనే మొలకలెత్తడం పెదనాన్నా చూశాడు.

మరి ఆవిడ ఎందుకు నోరు మెదపలేదు? చట్టం తెలియక అని నీ ముందు మాటలో రాశావు. అదొక్కటే కాదు. వేట ఆగిపోయిన రోజుల్లో బియ్యం, పప్పు ఖాతా మీద ఇచ్చింది ఆ కొట్టాయనే. ఎనిమిది రూపాయల కోసం ఆయనతో గొడవ పెట్టుకుంటే వచ్చే ఏడాది ఆ ఖాతా పుస్తకంలో ఆవిడ పేరుండదు. నీ ప్రశ్నల్లో అప్పు గురించి ఒక్క మాటా లేదు. మొదట అది చేర్చు.

బిల్లు విషయం కూడా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం బిల్లు ఇవ్వకపోవడాన్నే అనుచిత వ్యాపార పద్ధతుల జాబితాలో చేర్చింది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువేదీ రాయకపోతే ముప్పై రోజుల్లోపు వెనక్కి తీసుకోకపోవడమూ అంతే. 1986 నాటి పాత చట్టం ఇంత విప్పి చెప్పలేదు.

ఇప్పుడు ఒక తమాషా. కొత్త చట్టం అమల్లోకి వచ్చింది 2020 జులై 20న. చెన్నై నుంచి సముద్రం అడుగున దాదాపు 2,300 కిలోమీటర్లు వేసిన ఇంటర్నెట్ కేబుల్ ప్రారంభమైంది అదే ఏడాది ఆగస్టు 10న. మధ్యలో మూడు వారాలే తేడా. అంతకు ముందు మనది ఉపగ్రహం మీద నడిచే నెట్టు. ఒక ఫొటో తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. కేబుల్ వచ్చాక దీవుల జనం ఆన్‌లైన్ కొట్లలోకి దిగారు. కొత్త చట్టమూ సరిగ్గా అప్పుడే వచ్చింది.

ఆ చట్టంలో మనకు అన్నిటికంటే పనికొచ్చేది 34వ సెక్షన్. పూర్వం అమ్మినవాడు ఉన్నచోట గానీ, తగువు పుట్టినచోట గానీ కేసు వెయ్యాల్సి వచ్చేది. అమ్మినవాడు ముంబైలోనో బెంగళూరులోనో ఉంటే ముందు ఆ చోటు గురించే వాదన. ఇప్పుడు కొన్నవాడు నివసించే చోటే వెయ్యొచ్చు. యాభై లక్షల లోపు చెల్లించిన సరుకైతే జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. చెల్లించిన మొత్తం అయిదు లక్షలు దాటకపోతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్లలోపు వెయ్యాలి, అంతే.

పెదనాన్నకు ఇది అనుభవం మీద తెలిసింది. ఒక పెద్ద ఆన్‌లైన్ కొట్టులో మిక్సీ కొన్నాడు. పెట్టె విప్పితే జార్ అడుగు పగిలి ఉంది. మార్చమని అడిగితే "మీ పిన్‌కోడ్‌కు ఆ సదుపాయం లేదు" అన్నారు. 744 అంకెతో మొదలయ్యే పిన్‌కోడ్ ఉన్నవాళ్లందరికీ ఈ వాక్యం కంఠతా వచ్చు. పెదనాన్న 1915కు ఫోన్ చేశాడు. ఆ జాతీయ హెల్ప్‌లైన్ పదిహేడు భాషల్లో పలుకుతుంది, తెలుగూ ఉంది. అవతలి అమ్మాయి ఓపికగా రాసుకుని ముందు "బిల్లు ఉందా అంకుల్?" అనే అడిగింది. ఉంది. ఆన్‌లైన్ కొట్టు కాబట్టి ఉంది. నలభై రోజులకు డబ్బు తిరిగొచ్చింది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. పదిరోజులు ఎక్కువే పట్టింది. అయినా పెద్దమ్మ దృష్టిలో పెదనాన్న గెలిచినట్టే.

ఇక్కడే అసలు ముడి. బజారులో ఎనిమిది రూపాయలు పోగొట్టుకున్న ఆవిడ చేతిలో కాగితం లేదు. మిక్సీ కొన్న పెదనాన్న చేతిలో ఉంది. నువ్వు హెల్ప్‌లైన్ లెక్కలు మాత్రమే తీసుకుంటే దీవుల్లో మోసమంతా ఆన్‌లైన్‌లోనే జరుగుతోందని తేలుతుంది. అది అబద్ధం అవుతుంది.

ఆన్‌లైన్ మాయలను తక్కువ చేసి చెప్పడం కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న పదమూడు రకాల మాయలను పేరుపేరునా నిషేధించింది. తొందరపెట్టడం, అడగని సరుకు బుట్టలో వెయ్యడం, చివర్లో ధర పెంచడం, చందాలోంచి బయటపడనివ్వకపోవడం అందులోవే. 2024లో ప్రకటనల ప్రమాణాల మండలి ఒక డిజైన్ సంస్థతో కలిసి మన దేశంలో బాగా వాడే 53 యాప్‌లు పరిశీలిస్తే 52లో ఏదో ఒక మాయ కనిపించింది. ఈ అధ్యయనం నీ కాగితాల్లో లేదు, చేర్చు. కానీ దాన్ని ఇక్కడికి తెచ్చి అతికించేటప్పుడు జాగ్రత్త. ఢిల్లీలో "రెండు సీట్లే మిగిలాయి" అంటే వల. స్వరాజ్ ద్వీప్ బోటుకో, డిసెంబరు నెల చెన్నై విమానానికో అదే మాట నిజమూ కావచ్చు. ఇక్కడ కొరత నిజం, కొరత పేరుతో ఆడే ఆటా నిజమే. రెండింటినీ విడదీసి చూపిస్తే నీ పరిశోధనకు విలువ.

విమానాల సంగతీ అంతే. వాతావరణం బాగోక రద్దయితే టికెట్ డబ్బు వాపసు లేదా మరో విమానం ఇవ్వాలి గానీ, పరిహారం ఇవ్వనక్కర్లేదు. వర్షాకాలంలో ఇక్కడ చాలా రద్దులకు "వాతావరణం" అనే పేరు. విమాన సంస్థ చెప్పిన కారణాన్నీ, ఆ రోజు వాతావరణ శాఖ నమోదునూ పక్కపక్కన పెట్టి చూడు. ఇద్దరు స్నేహితులుంటే నెల రోజుల పని.

ఇక సర్కారు సేవలు. దీవుల మధ్య ఓడలు చాలావరకు సర్కారువే, కరెంటు సర్కారుదే. కరెంటు ధర తేల్చే నియంత్రణ మండలి మాత్రం గురుగ్రామ్‌లో ఉంది! సర్కారు మీద కేసేమిటని మనవాళ్లు జంకుతారు. 1993లోనే సుప్రీంకోర్టు లక్నో అభివృద్ధి సంస్థ కేసులో సర్కారు సంస్థల సేవలూ ఈ చట్టం కిందికే వస్తాయనీ, వేధించిన అధికారి జేబులోంచే పరిహారం రాబట్టవచ్చనీ చెప్పింది. రంగత్‌లోనో డిగ్లిపూర్‌లోనో ఈ తీర్పు గురించి ఎంతమంది విన్నారో అడిగి రాసుకో.

క్యాంప్‌బెల్ బే మనిషి సంగతి వేరు. ఇక్కడి కమిషన్‌కు రావాలంటే అయిదువందల కిలోమీటర్లకు పైగా ఓడ ప్రయాణం. ఇంటి నుంచే కేసు వేసే ఈ-జాగృతి 2025 జనవరి 1న మొదలైంది, వీడియో ద్వారా విచారణకూ చట్టంలో వీలుంది. సదుపాయం ఉండటం ఒకటి, అక్కడ ఆ మధ్యాహ్నం సిగ్నల్ ఉండటం మరొకటి. వెళ్లి చూసి రాయి, ఇక్కడ కూర్చుని రాయకు.

కొట్టాయనతో తగువు పెట్టుకోలేని ఆవిడకు చట్టంలో దారి లేకపోలేదు. ఒకే బాధ ఉన్నవాళ్లు కమిషన్ అనుమతితో అందరి తరఫునా ఒకే ఫిర్యాదు వెయ్యొచ్చు. నమోదైన స్వచ్ఛంద వినియోగదారుల సంఘం వెయ్యొచ్చు. చాలామందికి జరిగే అన్యాయమైతే 16వ సెక్షన్ కింద జిల్లా కలెక్టరు విచారించి ప్రాధికార సంస్థకు నివేదిక పంపొచ్చు. అప్పుడు ఖాతా పుస్తకంలో ఎవరి పేరూ చెరగదు, నిలదియ్యాల్సింది కొట్టాయన్నా కంపెనీనా అన్నదీ తేలుతుంది. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల 3,80,581 మందిలో 13 శాతం పైచిలుకు తెలుగువాళ్లం. మన తెలుగు సంఘాలు సంక్రాంతి సంబరాలకు పెట్టే ఓపికలో పదోవంతు దీనికి పెడితే చాలని పెదనాన్న ఎప్పటినుంచో అంటున్నాడు. వినేవాళ్లు తక్కువ.

ప్రశ్నల కాగితం మళ్లీ రాసి పంపు. తెలుగులో రాయి, పెదనాన్న జెట్టీ దగ్గర పదిమందికి చదివి వినిపించి, ఏ ప్రశ్నకు నవ్వారో రాసి పంపుతాడు.

వచ్చేటప్పుడు దిగగానే తిన్నగా ఇంటికి రాకు. దారిలో ఆ కొట్టులో ఒక సబ్బుబిళ్ల కొని, బిల్లు అడుగు. ఆయన ఏమన్నాడో వచ్చి పెద్దమ్మకు చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న