పశువైద్యులు

మూగజీవి తన బాధను నోట చెప్పుకొనజాలదు. దాని పక్షమున తగిన వైద్యుని ఎన్నుకొనవలసినవాడు యజమానియే. పూర్వులు అశ్వవైద్యమునకు శాలిహోత్రుని, గజవైద్యమునకు పాలకాప్యుని ఆద్యులుగా చెప్పిరి. నేడును పశువైద్యులలో పలు తెగలవారు కలరు.

ఆమదాలవలస ప్రాంతమున చిన్నరైతునకు పాడిగేదె పెద్ద ఆస్తి. అది మేత మానినచో ఇరుగుపొరుగువారు తలకొక మందు చెప్పుదురు. అప్పుడు రైతు ఎవరిని పిలువవలెను?

గ్రామమందలి పశుసంవర్ధక సహాయకుడు టీకాలు వేయును, ప్రథమచికిత్స చేయును. రోగమును నిర్ణయించి మందు వ్రాయుటకు పశువైద్య పట్టభద్రుడు కావలెను. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టము ననుసరించి ఆయన పేరు వైద్యుల పట్టికలో నమోదై యుండవలెను. పట్టణములలో కుక్కలకు, పిల్లులకు వైద్యము చేయువారు కొందరు. కోళ్ల వ్యాధులను చూచువారు మరికొందరు. శస్త్రచికిత్సయందును, చూడి పశువుల చికిత్సయందును ప్రత్యేకముగా చదివిన నిపుణులు కళాశాలలలో నుందురు. విజయనగరం జిల్లా గరివిడిలో అట్టి పశువైద్య కళాశాల కలదు.

కడుపుబ్బరము కలిగినను, పశువు ఈనలేక యాతనపడుచున్నను నిపుణుని వెదకుచు కాలము గడపరాదు. సమీపమందలి అర్హుడైన వైద్యుని వెంటనే పిలువవలెను; 1962 సంఖ్యకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనమును కోరవచ్చును.

ఆరోగ్యముగా నున్న పశువు హఠాత్తుగా చచ్చి, ముక్కునుండి, నోటినుండి నల్లని నెత్తురు కారినచో అది దొమ్మరోగము కావచ్చును. కళేబరమును కోయరాదు; తాకరాదు. ఆ రోగము మనుష్యులకును సోకును. ప్రభుత్వ పశువైద్యునకు తక్షణమే తెలుపవలెను. అచ్చట వైద్యుడు కాపాడునది ఒక్క పశువును కాదు, ఊరినంతటిని.

బాలబాలికలారా! మీ ఊరి పశువైద్యశాల ఎచ్చట నున్నదో, ఏ వేళల తెరచియుండునో నేడే తెలిసికొనుడు. ఆపద వచ్చిన పిమ్మట వెదకుటకు వ్యవధి యుండదు.