కొల్లేటి బాతులు

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ కొల్లేరు అను మంచినీటి సరస్సు కలదు. విజయవాడ మీదుగా పారు బుడమేరును, ఏలూరు చెంత పారు తమ్మిలేరును దీనిలో కలియును. మిగులు నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రమును చేరును. శీతకాలమున ఈ సరస్సుపై వేలకొలది బాతులు వాలును. వానిలో సూదితోక బాతు ఒకటి. పొడవైన మెడను, సూదివలె సాగిన తోకను బట్టి మగపక్షిని సులభముగా గుర్తింపవచ్చును.

ఈ బాతు మన ప్రాంతమున గ్రుడ్లు పెట్టదు. దాని పుట్టినిల్లు హిమాలయములకు ఆవల, సైబీరియా మున్నగు ఉత్తర దేశములందున్నది. అచట నీరు గడ్డకట్టి ఆహారము దొరకని కాలమున అది దక్షిణమునకు వచ్చును. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు మన దేశమున బాతుల కాళ్లకు సంఖ్యలు చెక్కిన లోహపు కడియములు తొడిగి విడిచిరి. అట్టి బాతులు కొన్ని సైబీరియాలో దొరకుటచే ఈ ప్రయాణము రుజువైనది.

వసంతమున బాతులు ఉత్తరమునకు మరలిపోవును. ఆడబాతు గడ్డిలో నేలపై చిన్న గుంట చేసి, తన రొమ్మున నున్న మెత్తని నూగును పీకి పరచును. దినమున కొకటి చొప్పున ఏడెనిమిది గ్రుడ్లు పెట్టి, సుమారు 23 దినములు ఒంటరిగా పొదుగును. మగపక్షి ఈ పనిలో పాలు పంచుకొనదు. నక్కలును, కాకులును గ్రుడ్ల కొరకు పొంచియుండును.

ఒక్క గ్రుడ్డైనను పిల్ల అయినచో ఆ గూడు సఫలమైనదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కాని సఫలమైన గూళ్లను లెక్కించుట తేలిక కాదు. మొదటి దినములలోనే నశించిన గూళ్లు పరిశీలకుని కంటబడవు. కంటబడిన వానినే లెక్కించినచో ఫలము ఉన్నదానికంటె ఎక్కువగా తోచును. అందుచే, గూడు ఎన్ని దినములు కనిపెట్టబడినదో చూచి, దినమునకు ఎంత నష్టమో లెక్కకట్టు పద్ధతిని 1961లో హెరాల్డ్ మేఫీల్డ్ అను అమెరికా దేశీయుడు తెలిపెను. దినమునకు నూటికి 5 గూళ్లు పోవుట స్వల్పముగా కనిపించును. కాని గ్రుడ్లు పెట్టుటకును పొదుగుటకును పట్టు 31 దినములు గడచుసరికి నూరింటిలో మిగులునవి సుమారు 20 మాత్రమే!

పిల్లలు పుట్టిన మరునాటికే తల్లి వెంట నీటికి నడచును. తల్లి వానికి మేత పెట్టదు. అవియే పురుగులను ఏరుకొని తినును. చలికిని, వానకును, శత్రువులకును పెక్కు పిల్లలు తొలి రెండు వారములలోనే బలియగును. ఎగురుటకు వానికి ఆరేడు వారములు పట్టును. ఇన్ని గండములు గడచిన పక్షియే మన కొల్లేటికి అతిథియై వచ్చుచున్నది.

తల్లి శరీరమున దాచుకొన్న కొవ్వు గ్రుడ్లు పెట్టుటకు తోడ్పడును. శీతకాలపు నెలవులందు కడుపార తిన్న బాతు బలముతో తిరిగిపోవును. తొలి గూడు చెడినను, సత్తువయున్నచో మరల గ్రుడ్లు పెట్టగలదు. కావున ఉత్తరపు గూటికిని, కొల్లేటి గడ్డివిత్తులకును సంబంధము కలదు.

మన ప్రాంతముననే పిల్లలను పెంచు బాతులును కలవు. ఎర్ర చిలువ వానకాలమున చెట్టుతొర్రలలో గాని, రెల్లుదుబ్బులలో గాని గూడు కట్టును. దాని జంటలో మగపక్షియు పొదుగుటలో పాలుపంచుకొనును. దానికిని తుంగయు, లోతులేని నీరును కావలెను.

చేపల చెరువులకై వేసిన గట్లచే కొల్లేటి విస్తీర్ణము మిక్కిలి తగ్గెను. ప్రభుత్వము 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర దీనిని అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో ఇది రామ్‌సార్ ఒడంబడిక జాబితాలో చేరెను. 2006లో అనేక గట్లు తొలగింపబడెను. ఆ పనిచే చెరువులపై ఆధారపడిన కుటుంబములకు కష్టము కలిగెను. వారి జీవనమును, సరస్సును రెంటిని కాపాడు మార్గమును వెదకుట మన కర్తవ్యము. గూటిని కాపాడు శక్తి మనకు లేదు. అది దూరదేశమున నున్నది. అతిథికి ఆకలి లేకుండ చూచి పంపుట మాత్రము మన చేతిలోనిదే.