హరీతకీ ఫలవృద్ధి – కషాయరసము : ఒక పరిశీలన

ద్రవ్యగుణశాస్త్రమున ఓషధీశక్తిని నిర్ణయించు లక్షణములలో రసము ప్రథమము. మొక్క పెరుగుదలను బట్టి ఆ రసము మారునన్న విషయమును ప్రాచీనులు ఉపేక్షింపలేదు. చరకసంహిత కల్పస్థానమున వేళ్లను గ్రీష్మమునందో శిశిరమునందో, లేతాకులను వర్ష వసంతములందు, బెరడును, దుంపను, పాలను శరత్తునందు, చేవను హేమంతమునందు సేకరింపవలెనని విధింపబడినది. ఒక్క చెట్టునకే ఇన్ని కాలములు!

భావప్రకాశము మరియొక అడుగు ముందుకు వేసినది. లవణము మినహా అయిదు రసములు గల కరక్కాయలో మధురము మజ్జయందు, ఆమ్లము నారయందు, తిక్తము తొడిమయందు, కటువు తోలునందు, కషాయము గింజయందు ఉండునని విభజించి, క్రొత్తదై, నునుపై, గుండ్రమై, బరువై, నీట మునుగు కాయ శ్రేష్ఠమని చెప్పినది. అనగా ఆకారము, సాంద్రత అను వృద్ధిలక్షణములే గుణమునకు గుర్తులైనవి.

వగరునకు ప్రధానకారణము టానిన్లను ఫినాలిక్ పదార్థములని నేటి రసాయనశాస్త్రము తెలుపుచున్నది. కరక్కాయలో చెబులాజిక్, చెబులినిక్ ఆమ్లములు ముఖ్యములు. ఇనుముతో కలిసిన నల్లనగు వీని స్వభావమే పూర్వము సిరాకు ఆధారమైనది. మొక్కలలో ఫినాలిక్ పదార్థములు అనేకము ఫినైలలనిన్ నుండి పుట్టును. మాంసకృత్తుల నిర్మాణమునకును అదే కావలెను. నత్రజని పుష్కలమై మొక్క త్వరగా పెరుగునపుడు వృద్ధికే అధికభాగము వ్యయమగును. ఎండ అధికమై పోషకము తక్కువైనచోట ఫినాలిక్ పదార్థములు కూడుట తరచుగా కనబడును. హెర్మ్స్, మాట్‌సన్ అను శాస్త్రజ్ఞులు 1992లో ఈ సందిగ్ధమును విపులముగా చర్చించిరి. ఇది తప్పని నియమము కాదు. జాతిని బట్టి, నేలను బట్టి మారును.

ఇచట మొత్తమునకు, సాంద్రతకు గల భేదము గుర్తింపదగినది. పెద్ద కాయలో టానిన్ మొత్తము అధికమైనను, తులమెత్తున తక్కువ కావచ్చును. లేతకాయను ఎండబెట్టిన బాలహరీతకి అంగడిలో వేరు సరుకుగా చెల్లుట నిష్కారణము కాదు. అందుచే భావమిశ్రుని నీటి పరీక్ష పరిపక్వతను, ఘనతను తెలుపునే గాని వగరును కొలువదు.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతపు కొండలకు ఈ చర్చ కేవలము పాండిత్యవిషయము కాదు. సీతంపేట, సాలూరు ప్రాంతములు 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినవి. అచటి సవరలు, జాతాపులు ఏరు అటవీ ఫలసాయమును 1956లో నెలకొన్న గిరిజన సహకార సంస్థ కొనును. తూకమే ధరకు ప్రమాణమైనచోట వగరుకు విలువ లేదు. అడవి ఓషధిని ఎరువుతో, నీటితో పొలమున పెంచిన దిగుబడి పెరుగవచ్చును. గుణము కూడ అదే పాళ్లలో పెరుగునని ముందుగా నమ్ముట తగదు.

ఈ వాదమును నేలవేమునకు వర్తింపజేయరాదు. దాని చేదునకు ప్రధానకారణమగు ఆండ్రోగ్రాఫోలైడ్ ఫినాలిక్ పదార్థము కాదు, టెర్పీను వర్గమునకు చెందినది. అది ఆకులయందు అధికము. పూతకు వచ్చువేళ కోయుట ఆ కారణముననే.