బానెట్ కింద గోడ కట్టేవాళ్లకు

విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడిపి, ఇప్పుడు దాన్ని మా అబ్బాయికి అప్పజెప్పి కూర్చున్నాను. అయినా సాయంత్రమయ్యేసరికి ఎవడో ఒక కుర్రాడు కారు తెచ్చి బానెట్ ఎత్తుతాడు. "బాబాయ్, కోన్ ఫిల్టర్ వేయించా. చుట్టూ ట్రాన్స్‌పరెంట్ షీటుతో హీట్ షీల్డ్ నేనే చేసుకుందామనుకుంటున్నా, ఎలా?" అంటాడు. ఒక్కొక్కరికీ మొదట్నుంచీ చెప్పే ఓపిక తగ్గింది. అందుకే ఈ రాత.

1. ముందు కంపెనీ డబ్బా ఏం చేస్తోందో చూడండి

ఎయిర్ ఫిల్టర్‌ని పెట్టి కంపెనీ ఇచ్చే నల్ల ప్లాస్టిక్ డబ్బాకి ఒక పొడుగాటి గొట్టం ఉంటుంది. చాలా కార్లలో అది గ్రిల్ వెనక్కో, హెడ్‌లైటు పక్కకో పోయి బయటి గాలి పీలుస్తుంది. డబ్బా పీకేసి ఫిల్టర్‌ని బట్టబయలుగా పెడితే, రేడియేటర్ ఫ్యాను వెనక్కి తోసిన వేడిగాలే ఇంజన్‌కి దక్కుతుంది. మీరు కట్టబోయే షీల్డ్ పని మీరు పీకేసినదాన్ని తిరిగి ఇవ్వడమే. ఇంజన్ పీల్చే శబ్దం వినబడాలని కోన్ ఫిల్టర్ వేశారా? వేసుకోండి, సరదా మీది. కానీ పాత డబ్బాని, దాని క్లిప్పులతో సహా, అటక మీద దాచండి. పాత సామాన్లవాడికి వేయకండి.

2. ఏం వస్తుందో, ఏం రాదో తెలుసుకోండి

గాలి వేడెక్కితే పలచబడుతుంది. 35 డిగ్రీల గాలి 65 డిగ్రీలకి చేరితే, అదే ఒత్తిడి దగ్గర, సాంద్రత సుమారు 9 శాతం పడిపోతుంది. పెట్రోలు ఇంజన్‌లో ఇంకో తంటా కూడా ఉంది. లోపలికి వచ్చే గాలి మరీ వేడిగా ఉందని సెన్సర్ చెబితే, నాకింగ్ రాకుండా కంప్యూటర్ స్పార్కుని వెనక్కి జరుపుతుంది. మే నెలలో ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర ఆగి, పచ్చలైటు పడగానే యాక్సిలరేటర్ తొక్కితే బండి బద్ధకంగా కదలడానికి ఈ రెండూ కారణాలే. షీల్డ్ సాయపడేది అక్కడ.

మైలేజీ పెరుగుతుందని మాత్రం ఆశపడకండి. నెమ్మదిగా తోలేటప్పుడు త్రాటిల్ ఎలాగూ సగం మూసే ఉంటుంది. గాలి పలచనైతే అది ఇంకాస్త తెరుచుకుంటుంది, అంతే. చల్లగాలి ఎప్పుడూ మంచిదేనన్న మాట కూడా నిజం కాదు. కార్బొరేటర్ రోజుల్లో కొన్ని కార్ల ఎయిర్ క్లీనర్ మీద వేసవికి ఒక గుర్తు, చలికాలానికి ఒక గుర్తు ఉండేవి. చలికాలం వైపు తిప్పితే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గరి వెచ్చటి గాలి లోపలికి పోయేది. చల్లటి చెమ్మగాలిలో కార్బొరేటర్ గొంతులో మంచు పట్టకుండా చేసిన ఏర్పాటు అది.

3. గోడ చల్లబరచదు, దారే చల్లబరుస్తుంది

నా దగ్గరికి వచ్చే షీల్డుల్లో చాలావాటికి ఉన్న లోపం ఇదే. చుట్టూ అందంగా షీటు బిగిస్తారు, ముందునుంచి గాలి వచ్చే కంత మాత్రం ఉండదు. ఫిల్టర్‌కి గాలి కావాలి కదా, షీటు సందుల్లోంచి ఇంజన్ వైపు వేడిగాలినే లాక్కుంటుంది. పని మొదలుపెట్టే ముందు బయటిగాలి ఎటునుంచి వస్తుందో తేల్చుకోండి. ఆ దారి వైశాల్యం ఇన్‌టేక్ పైపు నోటికన్నా తక్కువ ఉండకూడదు, కాస్త ఎక్కువుంటే మేలు. గోడ ఆ తర్వాత.

దారిని బంపర్ కిందికి దించకండి. అక్కడ గాలి చల్లగా ఉంటుందన్నది నిజమే. కానీ 2020 అక్టోబరులో హైదరాబాద్ రోడ్ల మీద నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో గుర్తు తెచ్చుకోండి. అలాంటి నీళ్లని ఇంజన్ పీలిస్తే, గాలిలాగా అవి సిలిండర్‌లో నలగవు. పిస్టన్ పైకి రాబోయి ఆగుతుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇక ఇంజన్ దించాల్సిందే.

4. కంటికి పారదర్శకమైతే వేడికీ పారదర్శకమని కాదు

దీన్ని చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు. "షీటులోంచి అంతా కనిపిస్తోందిగా, వేడి కూడా దూరిపోతుందేమో" అంటారు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ నుంచి వచ్చే వేడి కంటికి కనిపించని కిరణాలు. వాటిలో ఎక్కువ భాగాన్ని ఈ పనికి వాడాల్సిన పాలికార్బొనేట్ షీటు దాటనివ్వదు. అలాగని వెనక్కీ కొట్టదు, తానే మింగి వేడెక్కుతుంది. ఎండలో అద్దాలు మూసి పెట్టిన కారు పొయ్యిలా మారడానికి, అద్దానికీ ఉన్న ఈ గుణం ఒక కారణం. వెలుతురు లోపలికి వస్తుంది, సీట్ల వేడి బయటికి పోలేదు.

ఇందులో మేలూ కీడూ రెండూ ఉన్నాయి. ప్లాస్టిక్‌లో వేడి చాలా నెమ్మదిగా పాకుతుంది, వేడిగాలిని ఆపడానికి అల్యూమినియం రేకుకన్నా అది మెరుగే. మానిఫోల్డ్‌కి ఎదురుగా నిలబెడితే మాత్రం అదే మెత్తబడుతుంది. కాబట్టి మానిఫోల్డ్ వైపు మెరిసే అల్యూమినియం రేకు పెట్టండి, రేకుకీ షీటుకీ మధ్య వేలెడు ఖాళీ వదలండి. మెరిసే అల్యూమినియం ఆ కిరణాల్లో చాలా భాగాన్ని వెనక్కి కొడుతుంది. పైనా పక్కలా పారదర్శకం పెట్టుకోండి. అన్నివైపులా అద్దంలాగే కనబడాలి అనేవాడికి నేను చెప్పగలిగేది లేదు, కార్ల ప్రదర్శనలో పెట్టుకోమంటాను.

5. షీటు కొనేటప్పుడు

నేమ్‌బోర్డుల షాపులో దొరికేది ఎక్కువగా ఎక్రిలిక్. మెరుపు బాగుంటుంది గానీ 100 డిగ్రీల చుట్టుపక్కల మెత్తబడుతుంది, అంటుకుంటే చక్కగా మండుతుంది. మీకు కావాల్సింది పాలికార్బొనేట్. అది మెత్తబడేది 147 డిగ్రీల దగ్గర, రోజూ 120 దాకా తట్టుకుంటుంది. షెడ్ల పైకప్పుకి వేసే గుల్ల షీటు వద్దు, గట్టిది, 3 మిల్లీమీటర్లది అడగండి. అనుమానమొస్తే అంచున సన్నటి ముక్క కోయించి వంచి చూడండి. ఎక్రిలిక్ టప్పున విరుగుతుంది, పాలికార్బొనేట్ వంగి ఊరుకుంటుంది.

6. అట్టతో మొదలుపెట్టండి

టీవీ పెట్టె అట్ట చాలు. కోసి, పెట్టి, తీసి, మళ్లీ కోసి. అట్ట సరిపోయాకే షీటు మీద గీత గీయండి. బానెట్ మూస్తే పైఅంచు తగులుతుందా అన్నది పిల్లల రంగుమట్టితో తేల్చుకోవచ్చు. అంచుమీద ముద్దలు పెట్టి బానెట్ నెమ్మదిగా మూసి ఎత్తండి. మట్టి ఎంత మందం మిగిలితే సందు అంత. ఆ సందులో రబ్బరు బీడింగ్ వేస్తే బానెట్ షీల్డ్‌కి మూతవుతుంది. ఇంజన్ మౌంటుల మీద ఊగుతుందని మరవకండి, కదిలే ప్రతి భాగానికీ కనీసం 25 మిల్లీమీటర్లు వదలండి.

7. కోత, కంత, వంపు

సన్నపళ్ల బ్లేడుతో, షీటు మీది కాగితం తీయకుండా కోయండి. అంచుల్ని ఆకురాయితో నున్నగా చేయండి, చిన్న గాటు దగ్గరే పగులు మొదలవుతుంది. కంతలు బోల్టుకన్నా 2 మిల్లీమీటర్లు పెద్దవి ఉండాలి. 300 మిల్లీమీటర్ల షీటు 60 డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరు పైనే సాగుతుంది, కారు ఇనుము దానిలో ఐదో వంతు కూడా సాగదు. కింద రబ్బరు వాషరు వేసి చేత్తో బిగించండి, రెంచీ బలం చూపించకండి. హీట్ గన్‌తో వంచబోతే మన కోస్తా చెమ్మకి షీటు లోపల బుడగలు వస్తాయి, ముందు ఓవెన్లో గంటల తరబడి ఆరబెట్టాలి. అంత అవస్థ ఎందుకు? రెండు చదును ముక్కల్ని అల్యూమినియం యాంగిల్‌తో కలపండి.

8. తుడిచేది సబ్బునీళ్లతోనే

పెట్రోలు, థిన్నర్, బ్రేక్ క్లీనర్ పాలికార్బొనేట్‌కి పడవు. బోల్టు దగ్గర సాలెగూడులాంటి పగుళ్లు వస్తాయి. బోల్టు వదులవకుండా పూసే జిగురు కూడా అంతే. సర్వీసుకి ఇచ్చేటప్పుడు ఈ సంగతి మెకానిక్‌కి చెప్పండి.

9. కొలవకుండా నమ్మకండి

ఓబీడీ పోర్టుకి పెట్టే చిన్న స్కానర్ కొని, ఫోన్లో ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత చూడండి. అందులోంచి బయటి ఉష్ణోగ్రత తీసేస్తే మిగిలిందే మీ లెక్క. షీల్డ్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి, అదే రోడ్డు, అదే వేళ. మా విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో చూస్తే తేడా బాగా తెలుస్తుంది. హైవే ఎక్కాక ఎదురుగాలే బానెట్ కింద వేడిని ఊడ్చేస్తుంది గనుక తేడా తగ్గిపోతుంది, కంగారుపడొద్దు. ట్రాఫిక్‌లో కూడా తేడా లేదంటే మూడో పాఠం మళ్లీ చదవండి.

10. టర్బో డీజిల్ ఉన్నవాళ్లు

ఈ పనికి దిగక్కర్లేదు. గట్టిగా తొక్కినప్పుడు టర్బో గాలిని నొక్కి 100 డిగ్రీలు దాటిస్తుంది, దాన్ని చల్లార్చేది ఇంటర్‌కూలర్. షీటుకి పెట్టే డబ్బుతో దాని రెక్కల్లో ఇరుక్కున్న పురుగుల్నీ బురదనీ కడిగించుకోండి. నీళ్ల ప్రెషర్ మాత్రం తగ్గించి పెట్టమనండి, రెక్కలు వంగిపోతాయి.