శీతకాలపు సెలవులలో పాలంపేట: కుటుంబ యాత్రకు కొన్ని ఏర్పాట్లు

వానకాలపు పంట ఇల్లు చేరి, యాసంగి నాట్లు ముమ్మరము కాకమునుపు మన గ్రామములలో కొద్దిపాటి తీరిక దొరకును. ఆ వెంటనే పిల్లలకు సంక్రాంతి సెలవులు వచ్చును. ఈ దినములలో కుటుంబ సమేతముగా ఎచ్చటికైన పోవలెనని తలచువారు చాలమంది కలరు. అట్టివారు ఒక దినమును ములుగు జిల్లాలోని పాలంపేటకు కేటాయింపవచ్చునని చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము. పంచాయతీ సభ్యులకు దీనిని ప్రత్యేకముగా సూచించుటకు ఒక కారణము కలదు. పాలంపేట పట్టణము కాదు. చెరువు, దాని క్రింద వరి పొలములు, కొద్ది ఇండ్లు గల చిన్న ఊరు. ఆ ఊరిలోని రామప్ప దేవాలయమును 2021 జూలై 25వ తేదీన యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. ఒక చిన్న గ్రామము ఇంతటి సంపదను పొలిమేరలో ఉంచుకొని ఎట్లు జీవించుచున్నదో చూచుట సభ్యులకు గుడిని చూచుటతో సమానమైన చదువు.

ముందుగా చరిత్రను సంగ్రహముగా తెలిసికొనవలెను. కాకతీయ చక్రవర్తి గణపతిదేవుని సేనానియైన రేచర్ల రుద్రుడు ఈ ఆలయమును నిర్మింపజేసెను. అచ్చటి శాసనము 1213వ సంవత్సరమునకు చెందినది. కట్టించినవాని పేరిట ఇది రుద్రేశ్వరాలయము. ప్రజలు మాత్రము చెక్కిన శిల్పి పేరిట రామప్ప గుడి యనియే పిలుచుచున్నారు. ప్రభువు పేరు శాసనమున నిలిచినది, పనివాని పేరు జనుల నోట నిలిచినది. ఆ రామప్ప నలువది ఏండ్లు ఇచ్చట పనిచేసెనని చెప్పుకొందురు. ఇది జనశ్రుతియే గాని శాసనములోని మాట కాదని పిల్లలకు చెప్పుట మంచిది.

శీతకాలమునే ఎందుకు ఎంచుకొనవలెనని కొందరు అడుగవచ్చును. గుడి ఆవరణలో పాదరక్షలు విడిచి రాతిపై నడువవలెను. ఎండకాలపు మధ్యాహ్నము ఆ రాయి పసిపిల్లలకు, వృద్ధులకు భరింపరానిది. వానకాలములో చెరువు నిండుగా ఉండి కన్నులపండువుగానే ఉండును గాని, జారుడు రాతిమీద ముసలివారిని నడిపించుట కష్టము. శీతకాలములో మరియొక సౌకర్యము కలదు. ఆ దినములలో సూర్యుడు దక్షిణముగా ఒదిగి పయనించును. కావున గుడి దక్షిణపు వైపు శిల్పములపై దాదాపు దినమంతయు వెలుగు ఏటవాలుగా పడును. నడినెత్తి ఎండలో చదునుగా కనుపించు చెక్కడము ఏటవాలు వెలుగులో గీత గీతగా తేటపడును.

అయితే శీతకాలమున పగలు చిన్నది. డిసెంబరులో ఆ ప్రాంతమున ఆరున్నర దాటిన పిమ్మట గాని సూర్యోదయము కాదు. సాయంత్రము ఆరు గంటలకు ముందే అస్తమించును. యాత్రకు సంబంధించిన లెక్క యంతయు ఈ పదకొండు గంటల చుట్టు తిరుగవలెను. హైదరాబాదు నుండి వరంగల్లు సుమారు 150 కిలోమీటర్లు. అచ్చటి నుండి ములుగు మీదుగా పాలంపేట 65, 70 కిలోమీటర్ల దూరమున ఉన్నది. దూర గ్రామముల వారు ముందు రాత్రికే వరంగల్లు గాని, హనుమకొండ గాని చేరి బస చేయుట మేలు. రైలులో వచ్చువారికి కాజీపేట, వరంగల్లు స్టేషనులు అనుకూలమైనవి. ఉదయము ఏడున్నరకు బయలుదేరినచో తొమ్మిదిన్నర ప్రాంతమున గుడి చేరవచ్చును. అంతకంటె ముందు బయలుదేరవలసిన పని లేదు. తెల్లవారుజామున చెరువుల ప్రక్కన, అడవి దారులలో మంచు దట్టముగా క్రమ్మును, తొందరపాటు ప్రమాదకరము. బస్సులో పోవువారు ములుగులో దిగి, పాలంపేటకు వాహనము సంగతియు, తిరుగు బస్సు వేళయు అప్పుడే విచారించి పెట్టుకొనవలెను. చీకటి పడిన తరువాత పసిపిల్లలతో దారి ప్రక్కన నిలుచుండవలసి వచ్చినచో దినమంతటి సంతోషము కరగిపోవును.

రెండు మూడు కుటుంబములు కలిసి ఒక వాహనమును మాట్లాడుకొన్నచో ఖర్చు తగ్గును, పెద్దవారికి తోడు దొరకును. సద్ది ఇంటినుండియే తీసికొని పోవచ్చును. పులిహోర, జొన్నరొట్టె వంటివి చలి దినములలో చెడవు. అయినను టీ, మక్కజొన్న పొత్తులు, పండ్లు వంటివి ఆ ఊరిలోనే కొనవలెనని నా సలహా. యాత్రికుడు ఊరిలో పైసయు ఖర్చు చేయక విస్తరాకులు, సీసాలు మాత్రము విడిచి పోవుట న్యాయము కాదు. ఆ చెత్తను ఎత్తవలసినది ఆ పంచాయతీ పారిశుధ్య సిబ్బందియే. ఆ పని యెంత కష్టమో మన సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు. వృద్ధులకు శాలువ, మేజోళ్లు, పిల్లలకు ఉన్ని టోపి, త్రాగునీటి కూజా మరువరాదు. ఉదయపు రాయి చల్లగా ఉండును. మేజోళ్లతో నడచుట సుఖము.

ఒకే దినములో పాలంపేట, లక్నవరము, కోటగుళ్లు, వేయిస్తంభముల గుడి అన్నియు చూచి రావలెనను ఆత్రము చాలమందికి కలదు. అట్లు చేసినవారు వాహనమును చూచి వచ్చినట్లే. రామప్ప గుడికే నాలుగు గంటలు ఉంచవలెను. మొదట లోపలికి పోక, గుడి చుట్టు ఒకసారి మెల్లగా నడువవలెను. వెలుపలి గోడలమీద ఏనుగుల వరుస సాగును. పిల్లలను లెక్కింపుమని చెప్పినచో వారికి విసుగు రాదు, పెద్దలకు తీరిక చిక్కును. గోడల రాయి ఎఱ్ఱని ఇసుకరాయి. పైకప్పు అంచులను మోయుచున్నట్లు ఏటవాలుగా నిలిచిన స్త్రీమూర్తులు నల్లని గట్టి రాతివి. వీటిని మదనికలందురు. ఎనిమిది వందల ఏండ్ల ఎండవానలకు ఓర్చియు వీటి నునుపు చెడలేదు. లోపలి స్తంభముల మీద నర్తకుల భంగిమలు గలవు. గణపతిదేవుని గజసాహిణియైన జాయప సేనాని నృత్తరత్నావళి యను నాట్యశాస్త్ర గ్రంథమును రచించెను. ఆ గ్రంథమును, ఈ శిల్పములను ఆధారము చేసికొని నటరాజ రామకృష్ణగారు పేరిణి నృత్యమును పునరుద్ధరించిరి.

రాతిని తట్టి సంగీతము వినిపించెదమని, గోటితో గీచి నునుపు చూపెదమని చెప్పువారు ఎదురుకావచ్చును. వారిని మర్యాదగా వారింపుడు. దినమునకు నూరు చేతులు తట్టిన రాయి ఏమగునో రచ్చబండను చూచినవారికి తెలియును.

ఇక కట్టడపు నేర్పు. శిఖరమును రాతితో గాక, నీటిలో వేసిన తేలునట్టి తేలికయైన ఇటుకలతో కట్టిరి. క్రింది స్తంభములపై బరువు తగ్గించుటకే ఈ ఉపాయము. పునాది గోతిని ఇసుకతో నింపి గట్టిపరచి, దానిపై కట్టడమును లేపిరి. నేల కదలినప్పుడు ఇసుక ఆ అదురును కొంత తనలో ఇముడ్చుకొనును. గుడి లోపలి నేల కొన్నిచోట్ల ఎగుడుదిగుడుగా ఉండుట గమనింపుడు. నేల సర్దుకొన్నను గుడి నిలిచినది. పంచాయతీ భవనములకు, పాఠశాలల గదులకు అంచనాలు చూచు సభ్యులు ఇచ్చట కొంతసేపు ఆగుట వృథా కాదు.

మధ్యాహ్న భోజనానంతరము చెరువు గట్టుకు పోవలెను. నన్ను అడిగినచో గుడికంటె చెరువే సభ్యులకు ముఖ్యమైనదని చెప్పుదును. కాకతీయుల కాలమున గుడి, చెరువు, ఊరు మూడును కలిసి పుట్టినవి. గుడి కట్టించిన కాలముననే ఈ చెరువును త్రవ్వించిరి. నేటికిని దాని క్రింద వరి పండుచున్నది. జనవరిలో పోయినచో యాసంగి నాట్లు కనుపించును. మన పిల్లలు ప్రతి యేడు చూచు నాట్లే యవి. కాని ఎనిమిది వందల ఏండ్ల నాటి కట్ట నుండి వచ్చిన నీటిలో పడుచున్నవని తెలిసినప్పుడు వారి చూపు మారును. కట్టమీద ముండ్లచెట్లు బలిసినవా, తూము కదలుచున్నదా, అలుగు ఎట్లున్నది అను విషయములను సభ్యులు తమ ఊరి చెరువుతో పోల్చి చూడవలెను.

ఇచ్చటి ప్రజలతో మాట్లాడునప్పుడు ఒక సంగతి తెలిసికొనుడు. కేంద్ర ప్రభుత్వ రక్షణలో ఉన్న కట్టడమునకు నలువైపుల 100 మీటర్ల లోపల క్రొత్త నిర్మాణములు నిషిద్ధములు. ఆపైన 200 మీటర్ల వరకు అనుమతి లేనిదే కట్టరాదు. 1958 నాటి ప్రాచీన కట్టడముల చట్టమును 2010లో సవరించినప్పుడు ఈ హద్దులు చట్టములో చేరినవి. నిషిద్ధ ప్రాంతములోని పాత ఇంటికి మరమ్మతు చేయుటకును అనుమతి కావలెను. అనగా మనము ఒక దినము చూచి ఆనందించు గుడికై అచ్చటి గృహస్థులు ఏడాది పొడుగున కట్టుబాట్లు పాటించుచున్నారు. కొడుకు పెండ్లికి ఒక గది వేయదలచిన రైతునకు ఇది చిన్న విషయము కాదు. ఇట్టి గ్రామములందు పంచాయతీ వారు హద్దులను పటమువేసి కార్యాలయములో అంటించి, అనుమతి పత్రములు నింపుటలో సాయపడినచో సగము తగవులు పుట్టవు. రక్షిత కట్టడమును పాడుచేసినవారికి రెండేండ్ల వరకు ఖైదు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. గోడమీద పేరు గీకు కుఱ్ఱవానికిని ఇది వర్తించును.

యాత్ర తేదీ నిర్ణయించుటకు ముందు మేడారము జాతరను చూచుకొనవలెను. సమ్మక్క, సారలమ్మల జాతర రెండేండ్లకొకసారి మాఘమాసమున ఈ జిల్లాలోనే జరుగును. 2024లో ఫిబ్రవరిలోను, 2026లో జనవరి చివరను జరిగినది. ఆ వారములలో ములుగు దారి లక్షలాది జనముతో నిండును. జాతరకు పోవువారు జాతరకే పోవలెను. పాలంపేటను మరియొక నెలకు వాయిదా వేయుట మంచిది.

తిరిగివచ్చిన తరువాత సభ్యులు తమ ఊరి రాళ్లను ఒకసారి పరికింపవలెను. పలు గ్రామములలో శాసనపు రాళ్లు వేపచెట్ల క్రిందను, పాడుబడిన గుళ్లలోను పడియున్నవి. భక్తితో వానిపై సున్నము గాని, రంగు గాని పూయుట వలన అక్షరములు పూడిపోవును. ఆ పని ఆపించి, రాయి ఉన్నచోటు వ్రాసి, పురావస్తు శాఖకు తెలియజేయవలెను. గుప్తనిధుల పేరిట నందుల క్రింద, లింగముల క్రింద రాత్రివేళ త్రవ్వువారిని గూర్చి పోలీసులకు వెంటనే చెప్పవలెను. పొలము దున్నునప్పుడు నాణెములో, నగలో బయటపడినచో, పది రూపాయలకు మించిన విలువ గలవానిని కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి నిధుల చట్టము చెప్పుచున్నది. ఈ నియమమును గ్రామసభలో ఒకసారి చదివి వినిపించుటకు పది నిమిషములు చాలును.